ఏ క్షణంలో పోయింది?

(విజయవాడలో హాబీ రాకెట్ల మీద ఆసక్తి ఉన్న విద్యార్థులు, ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి వినపడుతోందా అమ్మా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంటే చెప్పండి, మైకు ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంటాను.

నేను రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టేస్తున్నాను. లోపలికొస్తుంటే గుమ్మం దగ్గర ఒక కుర్రాడు నా చేతిలో చీటీ పెట్టాడు. దీనికోసమే పొద్దున్నే గుంటూరులో బండెక్కి వచ్చాట్ట. చదువుతాను, వినండి. "సార్, ఇంట్లో నల్లమందు కలిపి మోటార్లు చేశాం. మొదటిది బాగా లేచింది. రెండోది నేలమీదే పగిలిపోయింది. మూడోది తుస్సుమని ఆరిపోయింది. మూడూ ఒకేలా చేశాం. తప్పెక్కడుంది?"

ముందు మాట ఒకటి సరిచేసుకుందాం. తెలుగులో నల్లమందంటే గసగసాల కాయల నుంచి తీసే మత్తుమందు. మీరు రాసింది తుపాకిమందు గురించి. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన మందు. మన దీపావళి తారాజువ్వలో ఉండేది ఆ జాతిదే. మోటారంటే ఆ మందు కూరిన గొట్టం, రాకెట్‌ని లేపేది. ఇంగ్లీషులో దాన్ని నల్ల పొడి అంటారు కాబట్టి పిల్లలు తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు ఈ పొరపాటు చేస్తుంటారు.

ఇక అసలు సంగతి. ఈ చీటీలో నన్ను ఆపేసిన మాట "మూడూ ఒకేలా చేశాం" అన్నది. ఇవాళ నేను మాట్లాడేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. ఒకేలా చేసిన మూడు వస్తువులు మూడు రకాలుగా ప్రవర్తించవు. ప్రవర్తించాయంటే అవి ఒకేలా లేవు. తేడా ఎక్కడుందో మీకు కనపడలేదు, అంతే. ఆ తేడా కనిపెట్టడానికి మీ దగ్గర సాధనం ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ఈ బల్ల మీద మూడు కాగితపు గొట్టాలున్నాయి చూడండి. దీపావళి మర్నాడు పొద్దున, వీధులు ఊడ్చేవాళ్లు రాకముందే లేచి నేను ఏరుకునేవి ఇవి. చాలా ఏళ్లుగా ఏరుతున్నాను. మా ఇంట్లో వాళ్లకి అలవాటైపోయింది. ఎగిరిన జువ్వ ఎక్కడో డాబా మీద పడుతుంది, దాని జోలికి నేను పోను. ఎగరని జువ్వే నాకు కావాలి.

ఇది మొదటిది. ముందు వరస వాళ్లు చేతిలోకి తీసుకుని చూసి వెనక్కి అందించండి. నిలువునా చీలిపోయింది. అంచు చూడండి, కాగితం పొరలు పొరలుగా లేచి ఉంది, పీచు కనపడుతోంది. కాలలేదు, చిరిగింది. లోపలి గోడ కూడా పైన పైన నల్లబడింది తప్ప మాడలేదు. అంటే మంట ఇందులో ఎక్కువసేపు లేదు. అంటుకున్న వెంటనే లోపల ఒత్తిడి పెరిగిపోయింది, గొట్టం తట్టుకోలేకపోయింది.

ఇది రెండోది. దీని పక్కన బొక్క పడింది, చిటికెన వేలు పడుతుంది. దీని అంచు వేరు. నల్లగా, పలచగా, నలిపితే పొడి రాలుతుంది. ఇది చిరగలేదు, కాలింది. మంట లోపలి మందుకీ కాగితపు గోడకీ మధ్య సందు చూసుకుంది. ఆ సందులోంచి దిగి, అక్కడే నిలబడి, గోడని తిన్నది. దీనికి కొంత సమయం పట్టింది.

మూడోది చూడ్డానికి నిక్షేపంగా ఉంది. కానీ అడుగున మట్టి బిరడా లేదు. ఆ బిరడాకి సన్నటి కంత ఉంటుంది, దాంట్లోంచి వాయువు జోరుగా బయటికి రావాలి. బిరడా మొత్తంగా ఊడిపోతే జోరెక్కడిది? గొట్టం నోరంతా తెరుచుకుని పొగ కక్కింది. జువ్వ కదల్లేదు.

చిరిగిన అంచు ఒత్తిడి చేసిన పని. కాలిన అంచు వేడి చేసిన పని. ఈ ఒక్క తేడా తెలిస్తే మీరు సగం దారి వచ్చినట్టే. పోయిన రాకెట్‌ని చూసి చాలామంది "ఎందుకు పోయింది?" అని మొదలుపెడతారు. అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న "ఏ క్షణంలో పోయింది?" అన్నది. వత్తి అంటుకున్నప్పుడా? లేచే ముందా? లేచాక మండుతూ ఉండగానా? మంట ఆరిపోయి ఊరికే పోతున్నప్పుడా? దిగేటప్పుడా? క్షణం తెలిస్తే కారణాలు వందలో నాలుగైదు మిగులుతాయి. క్షణం తెలియకపోతే ఊహలు మిగులుతాయి.

లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పుకుందాం. కట్టెల పొయ్యి చూసిన వాళ్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. ఫరవాలేదు, చాలామందే ఉన్నారు. పొయ్యిలో లావుపాటి మొద్దు పెడితే నిదానంగా మండుతుంది. అదే మొద్దుని పుల్లలుగా చీల్చి పెడితే భగ్గున లేస్తుంది. కట్టె అదే, బరువు అదే. గాలి తగిలే ఒళ్లు పెరిగింది. రాకెట్ మోటారులో మందు కూడా పైన ఉన్న ఒళ్లు మీదే మండుతుంది, పొర తర్వాత పొర. ఇప్పుడు ఆ మందు దిమ్మలో కంటికి కనపడని పగులు ఉందనుకోండి. మంట పగుల్లోకి దూరుతుంది. మండే ఒళ్లు ఒక్కసారిగా పెరుగుతుంది. వాయువు ఎక్కువ పుడుతుంది, కింద కంత మాత్రం అంతే ఉంది. ఒత్తిడి పెరుగుతుంది. ఇక్కడే అసలు ప్రమాదం, జాగ్రత్తగా వినండి. ఒత్తిడి పెరిగితే మందు ఇంకా వేగంగా మండుతుంది. వేగంగా మండితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ప్రెజర్ కుక్కర్‌లో వెయిట్ అడ్డం పడి, స్టవ్ దానంతటదే మంట పెంచుకుంటే ఎలా ఉంటుందో ఊహించండి. అదీ ఆ మొదటి గొట్టం కథ.

ఆ పగులు ఎక్కడి నుంచి వస్తుందంటే, కింద పడేస్తే వస్తుంది. ఎండకి వేడెక్కి రాత్రికి చల్లారి, మళ్లీ వేడెక్కితే వస్తుంది. మందు ఒకలా సాగుతుంది, కాగితం ఒకలా సాగుతుంది. రెండింటి మధ్య పట్టు వదిలిపోతుంది. ఫ్యాక్టరీలో యంత్రం మీద చేసిన మోటార్లకే ఈ జబ్బు ఉంది. మన బెజవాడ మే నెలలో రేకుల షెడ్డు కింద పెట్టిన పెట్టెలో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇక కృష్ణ ఒడ్డున వానాకాలం తేమ సంగతి సరేసరి. తేమ పట్టిన మందు తుస్సుమంటుంది. చీటీలో మూడోది అదే కావచ్చు. కాకపోనూ వచ్చు. ఎందుకంటే ఆ రోజు గాలిలో తేమ ఎంత ఉందో వాళ్లు రాసుకోలేదు.

గొట్టం గట్టిదైతే పగలదు కదా అని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. మైసూరులో హైదరాలీ, టిప్పు సుల్తాన్ కాలంలో చేసింది అదే. ఇనప గొట్టాలు వాడారు. కాగితం కంటే, వెదురు కంటే ఎక్కువ ఒత్తిడి తట్టుకున్నాయి, దూరం వెళ్లాయి. 1780లో పొల్లిలూరు యుద్ధంలో ఆంగ్లేయులు వాటి దెబ్బ చూశారు. తర్వాత వాటిని ఇంగ్లండు పట్టుకెళ్లి చూసుకున్నాకే అక్కడి విలియం కాంగ్రీవ్ అనే ఆయన 1800ల మొదట్లో తన రాకెట్లు చేశాడు. 2018లో కర్ణాటక శివమొగ్గ జిల్లా నగర దగ్గర ఒక బావిలో ఆ కాలపు ఇనప రాకెట్లు వెయ్యికి పైగా దొరికాయి. ఇదంతా మనం గర్వపడాల్సిన చరిత్రే. కానీ అవి ఆయుధాలు. ఇనప గొట్టం పగిలితే ముక్కలు తూటాల్లా పోతాయి. ఇంట్లో ఆడుకునే వస్తువుకి ఇనుము, గాజు, పీవీసీ పైపు, ఏదీ పనికిరాదు. ఇందులో చర్చకి తావు లేదు.

ఇప్పుడు ఆ కుర్రాడు అడిగిన దానికి సూటిగా జవాబు చెప్పాలి. బాబూ, నీ మందు పాళ్లు నేను సరిచేయను. ఎంత కలపాలో, ఎలా దంచాలో, ఎలా దట్టించాలో ఈ వేదిక మీద చెప్పను, బయటికొచ్చాక చెవిలో కూడా చెప్పను. ఎందుకో చెప్తాను, విను.

1974 దీపావళి. నాకప్పుడు పద్నాలుగేళ్లు. గుంటూరు బ్రాడీపేటలో మా పెదనాన్నగారి డాబా. అప్పట్లో మన జిల్లాల్లో చాలా ఇళ్లలో మతాబులు, సిసింద్రీలు ఇంట్లోనే కట్టుకునేవాళ్లు. సిసింద్రీ అంటే ఇంకేం లేదు, పుల్ల లేని జువ్వ. పుల్ల లేదు కాబట్టి దానికి దారీ తెన్నూ ఉండదు. మా పెదనాన్నగారబ్బాయి, నాకన్నా మూడేళ్లు పెద్ద, సిసింద్రీలు కట్టడంలో వీధికంతా పేరున్నవాడు. ఆ ఏడాది జువ్వ చేద్దామన్నాడు. రెండు చేశాం, రెండూ లేచాయి. మూడోది చేస్తున్నప్పుడే అన్నయ్య చేతిలో అంటుకుంది. వెలిగించలేదు. దగ్గర్లో నిప్పు లేదు. ఎందుకంటుకుందో ఈ రోజుకీ నాకు తెలియదు.

చూపుడువేలు, మధ్యవేలు కొసలు పోయాయి. తర్వాత అన్నయ్య మిర్చి యార్డులో గుమాస్తాగా ముప్పై ఏళ్లు లెక్కలు రాశాడు. పెన్ను బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య పట్టుకునేవాడు. అక్షరం ముత్యంలా ఉండేది. కొత్తగా వచ్చిన రైతు ఎవరైనా ఆ చేతి వంక చూస్తే చెయ్యి బల్ల కిందికి తీసుకునేవాడు. నేను ఆయన ఎదురుగా కూర్చుని చూశాను.

నేను ఇంజినీరింగ్ చదువుకున్నది ఆ మూడోది ఎందుకంటుకుందో తెలుసుకోవాలనే. చదివాక తెలిసిందేమిటంటే, అది తెలుసుకునే మార్గం లేదు. చేత్తో కలిపిన మందు ఏ రెండు సార్లూ ఒకటి కాదు. బొగ్గు ఏ కట్టెదో, ఎంత మెత్తగా ఉందో, తేమ ఎంతో, ఏ చెయ్యి ఎంత బలంగా నొక్కిందో, అన్నీ మారతాయి. పది విషయాలు ఒకేసారి మారుతుంటే, వైఫల్యం మీకు ఏ పాఠమూ చెప్పదు. చెయ్యి మాత్రం తీసుకుంటుంది.

2025 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రంలో పేలుడు జరిగి ఎనిమిది మంది పోయారు. రోజూ ఆ పని మీదే బతికే మనుషులు వాళ్లు. 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ చట్టం, 2008 నాటి నిబంధనలు లైసెన్సు లేకుండా ఇలాంటివి తయారు చేయకూడదంటున్నాయి. చట్టం ఉంది కాబట్టి మానెయ్యమని నేననను. ఆ చట్టం ఎవరి వేళ్ల మీదుగా వచ్చిందో తలుచుకుని మానెయ్యమంటాను.

అమెరికాలోనూ ఇదే జరిగింది. 1957 అక్టోబర్ 4న స్పుత్నిక్ ఎగిరాక అక్కడి పిల్లలకీ రాకెట్ పిచ్చి పట్టింది. పెరట్లో గొట్టాల్లో మందు కూరి దెబ్బలు తగిలించుకున్నారు. నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ అనే ఆయన, క్షిపణి కేంద్రంలో పనిచేసే హ్యారీ స్టైన్ అనే ఆయన కలిసి ఒక దారి వేశారు. పిల్లలు రాకెట్ చేసుకోవాలి, మోటారు మాత్రం తయారుచేసిందే వాడాలి. తర్వాత వెర్న్ ఎస్టెస్ ఆ మోటార్లు చేయడానికి ఒక యంత్రం కట్టాడు. దానికి మేబుల్ అని పేరు పెట్టుకున్నాడు. అయిదారు సెకన్లకో మోటారు, అన్నీ అచ్చు గుద్దినట్టు. ఆ మోటారు మీద సీ6-5 అని ఉంటే సీ అన్నది మొత్తం తోపు, అంటే రాకెట్‌ని నెట్టే బలాన్ని నెట్టిన సమయంతో గుణిస్తే వచ్చేది, ఏ తరగతిదో చెప్తుంది, పది న్యూటన్-సెకన్లు దాటదు. ఆరంటే సగటున ఆరు న్యూటన్ల తోపు. అయిదంటే మంట ఆరిన అయిదు సెకన్లకి పారాచూట్‌ని బయటికి తన్నే చిన్న మందు అంటుకుంటుంది. ఒక ఒప్పందంలా ఉంటుంది ఆ అంకె. మోటారు మారదు కాబట్టి రాకెట్‌లో తప్పు వెతుక్కోవచ్చు. అవి మనం బందరు రోడ్డులోకి వెళ్లి కొనుక్కునే వస్తువులు కావు. మరి మనకి మారని మోటారు ఏది?

ఇదిగో. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్, నీళ్లు, సైకిల్ పంపు.

నవ్వకండి. బాటిల్‌లో కొన్ని నీళ్లు పోసి, సైకిల్ వాల్వు బిగించిన కార్కుతో మూతి మూసి, తలకిందులుగా లాంచర్ అనే పీట మీద నిలబెట్టి, పంపుతో గాలి నింపుతాం. లెక్క చూపిస్తాను. ఈ బాటిల్ మూతి లోపలి వ్యాసం సుమారు 22 మిల్లీమీటర్లు. లోపల గాలిని 60 పీఎస్ఐకి (సైకిల్ పంపు గేజీ మీద ఒత్తిడి చూపే కొలత అది) నింపి వదిలితే నీళ్లు సెకనుకి దాదాపు ఇరవై తొమ్మిది మీటర్ల వేగంతో బయటికొస్తాయి. మొదటి క్షణంలో తోపు ముప్పై కిలోల బరువంత. బాటిల్, అందులో మూడో వంతు నీళ్లు కలిపి ముప్పావు కిలో పైన కొంచెం ఉంటుంది. తన బరువుకి నలభై రెట్లు తోపు! ఇందాకటి సీ6 మోటారు తోపు ఆరు న్యూటన్లు, అంటే ఆరొందల గ్రాముల పైచిలుకు. పదో వంతు సెకను తిరిగేలోపు నీళ్లన్నీ అయిపోతాయి. ఆ తర్వాత అది ఖాళీ బాటిలే, తన ఊపు మీద తను పోతుంది.

ఇందులో మారేవి ఎన్ని? నీళ్లు ఎన్ని మిల్లీలీటర్లు, గేజీ ఎంత చూపించింది, రాకెట్ బరువెంత, బరువు మధ్య, అంటే రాకెట్ తూగే చోటు, ఎక్కడుంది, గాలి ఎటు వీస్తోంది. అన్నీ కొలవచ్చు. ఇవాళ ఎగిరినట్టే రేపూ ఎగురుతుంది. ఎగరకపోతే, కొలిచిన వాటిలో ఏది మారిందో మీ పుస్తకం చెప్తుంది. గుంటూరు బాబూ, నువ్వు రాసిన "ఒకేలా" అనే మాట ఇక్కడ నిజమవుతుంది.

ఇప్పుడు రాకెట్‌తో ఏమేం తప్పులొస్తాయో, ఏ క్షణంలో వస్తాయో చూద్దాం. పంపు కొడుతుంటే గేజీ ముల్లు ఎక్కి మళ్లీ దిగుతోందంటే ఎక్కడో కారుతోంది. ఎక్కువగా కార్కు దగ్గర, లేదా సైకిల్ వాల్వు బిగించిన చోట. సబ్బు నురగ బ్రష్షుతో రాయండి, బుడగ వచ్చిన చోటే దొంగ. టైరు పంక్చరు వేసే ఆయన తొట్టిలో చేసేదీ అదే. లేచింది గానీ బద్ధకంగా లేచి పక్కకి కూలిందంటే నీళ్లు ఎక్కువయ్యాయి. మూడో వంతు నీళ్లు మంచి కొలత. అక్కడి నుంచి యాభై మిల్లీలీటర్ల చొప్పున మార్చి చూసుకోండి, ఒకేసారి రెండు మార్చకండి.

లేచిన కాసేపటికి పల్టీ కొట్టిందా? ఇది అన్నిటికంటే ఎక్కువగా వచ్చే జబ్బు, దీనిమీద కాస్త నిలబడతాను. తారాజువ్వకి పుల్ల ఎందుకు ఉంటుంది? చిన్నప్పుడు పుల్ల విరిచి వెలిగించిన వాళ్లు ఉంటారు ఇక్కడ, అది ఎక్కడికి దూరిందో వాళ్లకి తెలుసు. జువ్వ ఏ కొంచెం పక్కకి ఒరిగినా, వెనక అంత పొడుగున ఉన్న పుల్లని గాలి తోస్తుంది, తోసి మళ్లీ దారిలో పెడుతుంది. బరువు మధ్య ముందుండాలి, గాలి తోపు మధ్య వెనకుండాలి. బాటిల్ రాకెట్‌కి ఆ పని రెక్కలు చేస్తాయి. రెండు మధ్యలకీ దూరం కనీసం బాటిల్ వెడల్పంత, అంటే సుమారు అర జానెడు, ఉండాలి. కొలవడం ఎలా? నీళ్లు లేకుండా రాకెట్‌ని దారం మీద వేలాడదీయండి. అడ్డంగా, తూకంగా నిలిచిన చోటు బరువు మధ్య. ఖాళీగా ఎందుకంటే, ప్రయాణంలో ఎక్కువ భాగం అది ఖాళీగానే ఉంటుంది. తర్వాత అదే రాకెట్ ఆకారాన్ని, రెక్కలతో సహా, అట్టముక్క మీద గీసి కత్తిరించండి. ఆ అట్ట కత్తి అంచు మీద ఎక్కడ తూగుతుందో అది దాదాపుగా గాలి తోపు మధ్య. చివరిగా, బరువు మధ్య దగ్గర దారం గట్టిగా కట్టి, డాబా మీద తల చుట్టూ వడిసెల తిప్పినట్టు తిప్పండి. ముక్కు ముందుండి తిరిగితే సరే. వెనక్కి తిరిగినా, అడ్డంగా పోయినా ఎగరెయ్యకండి. ముక్కులో కొంచెం బంకమట్టి పెట్టి మళ్లీ తిప్పండి.

ఇక్కడ రెండో వరసలో ఒక అమ్మాయి ఉంది. పేరు చెప్పొద్దంది, చెప్పను. పోయిన ఎండాకాలం ఆ అమ్మాయి రాకెట్‌కి ఒక జబ్బు పట్టుకుంది. రెండు ఎగరేతలు నిటారుగా వెళ్లేవి, మూడోది ఎడమకి తిరిగి పడేది. రెక్కలు మార్చింది. కార్కు మార్చింది. బాటిల్ కూడా మార్చింది. మళ్లీ అదే. నా దగ్గరికి ఏడుపు మొహంతో వచ్చింది. "పుస్తకం తెచ్చావా అమ్మా?" అన్నాను. తెచ్చింది. అందులో నీళ్ల కొలత ఉంది, గేజీ ఉంది, టైము కూడా ఉంది. ఇద్దరం కూర్చుని చూశాం. ఏ రోజైనా సరే, ఏడింటికి వేసినవి నిటారుగా వెళ్లాయి, తొమ్మిదిన్నర తర్వాత వేసినవి ఎడమకి పడ్డాయి. మొదటి రెండూ, మూడోదీ కాదు. పొద్దున, ఎండ.

తర్వాత వారం నేను పక్కనే నిలబడి చూశాను. ఎగరేతకీ ఎగరేతకీ మధ్య రాకెట్‌ని మా కారు బానెట్ మీద పెడుతోంది. నేనే పెట్టమన్నాను, మట్టి అంటకుండా. మూడోసారి చేతిలోకి తీసుకుని రెక్కని బొటనవేలితో కదిపితే, మైనంలా కదిలింది. రెక్కలు గ్లూ గన్ జిగురుతో అంటించింది. ఎండలో ఆ లోహం మీద జిగురు మెత్తబడుతోంది, బానెట్‌కి ఆనుకున్న వైపు రెక్క వాలిపోతోంది. ఎప్పుడూ అదే వైపు ఆనించి పెడుతోంది కాబట్టి ఎప్పుడూ ఎడమకే. గోనెసంచి మీద, చెట్టు నీడలో పెట్టడం మొదలుపెట్టాక ఆ జబ్బు పోయింది. టైము రాసుకోకపోయి ఉంటే ఆ అమ్మాయి ఇంకా రెక్కలు మారుస్తూనే ఉండేది. నా కారు బానెట్ సంగతి నాకూ తట్టేది కాదు.

క్షణం పట్టుకోవడానికి ఇప్పుడు మీ అందరి జేబుల్లో సాధనం ఉంది. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టండి. సెకనుకి 240 బొమ్మలు తీసే ఫోన్ అయితే, నీళ్లు అయిపోయే ఆ పదో వంతు సెకనులో 24 బొమ్మలు దొరుకుతాయి. ఫోన్‌ని చేత్తో పట్టుకోకండి, ఇటుకకి ఆనించి దూరంగా రండి. మొదటి బొమ్మలోనే రాకెట్ ఒరిగి ఉంటే తప్పు లాంచర్‌ది. నీళ్లు అయ్యాక ఒరిగితే తప్పు రెక్కలది.

శ్రీహరికోటలో చేసిందీ ఇదే, కొలతలు పెద్దవి అంతే. 1979 ఆగస్టు 10న మన మొదటి ఉపగ్రహ వాహనం ఎస్‌ఎల్‌వీ-3 ఎగిరింది. మొదటి అంచె బాగా మండింది. రెండో అంచెలో అదుపు తప్పింది. 317 సెకన్ల తర్వాత సముద్రంలో పడిపోయింది. అబ్దుల్ కలాం గారు ప్రాజెక్టు డైరెక్టర్, సతీష్ ధవన్ గారు ఇస్రో ఛైర్మన్. ధవన్ గారు తానే విలేకరుల ముందుకొచ్చి బాధ్యత తీసుకున్నారు. అది అందరూ చెప్పుకునేదే. నాకు అంతకంటే ముఖ్యమైనది ఆ తర్వాత జరిగిన పని. రికార్డులు ముందేసుకుని అదుపు ఏ అంచెలో, ఎప్పుడు పోయిందో పట్టుకున్నారు. రెండో అంచె అదుపు వ్యవస్థలో ఒక వాల్వు సరిగ్గా మూసుకోక, మంటకి తోడ్పడే ఆమ్లం కారిపోయిందని తేలింది. ఒక్క వాల్వు! రాకెట్ మొత్తాన్ని మళ్లీ గీయలేదు. 1980 జులై 18న అదే రాకెట్ 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టింది. అప్పుడు నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను. రేడియోలో విని అన్నయ్య దగ్గరికి పరిగెత్తాను. "వాళ్లకి తెలిసింది చూశావా, ఏది పోయిందో" అన్నాడు. ఆ మాట ఆయన ఏం తలుచుకుని అన్నాడో నాకు తెలుసు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను, టీ వచ్చినట్టుంది. బాటిల్ కూడా పగులుతుంది. నీళ్లే కదా అని ధీమా వద్దు. లోపల ఉన్నది ఒత్తిడి మీద ఉన్న గాలి. 60 పీఎస్ఐ దాటకండి. పంపుకీ లాంచర్‌కీ మధ్య కనీసం అయిదు మీటర్ల గొట్టం పెట్టండి, కళ్లద్దాలు పెట్టుకోండి, గాలి నింపాక దగ్గరికి వెళ్లకండి. బాటిల్ మెడ దగ్గరో, అడుగునో తెల్లగా పాలిపోయి కనపడితే, మడత పడితే, అది రిటైరైనట్టే. ఇసుక కాగితంతో గీకకండి. కొత్త బాటిల్‌ని ముందు నీళ్లతో పరీక్షించండి. గాలి బుడగ లేకుండా మూతి దాకా నీళ్లు నింపి, బకెట్లో ముంచి, అప్పుడు పంపు కొట్టండి. నీళ్లు నొక్కుకుపోవు కాబట్టి శక్తి దాచుకోవు. బాటిల్ చీలినా చిటుక్కుమని ఆగిపోతుంది. మన ఆటోల సీఎన్‌జీ సిలిండర్లకి మూడేళ్లకోసారి చేసే హైడ్రో టెస్టు ఇదే. కరెంటు తీగల కింద, గన్నవరం విమానాశ్రయం వైపు ఎగరెయ్యకండి.

గుంటూరు బాబూ, ఎక్కడున్నావు? ఆ, కనపడ్డావు. ఇంట్లో ఇంకా మందు మిగిలి ఉందా? ఉంది కదూ. దాన్ని గీకొద్దు, వేరే డబ్బాలోకి మార్చొద్దు. ఉన్న చోటే నెమ్మదిగా నిండా నీళ్లు పోసి, మీ నాన్నగారికి చెప్పు. ఎక్కువే ఉంటే 101కి, ఫైరింజను వాళ్లకి, ఫోన్ చేయమను. భయపడకు, నీ తరఫున నేను మాట్లాడతాను. ఆదివారం పొద్దున ఆరున్నరకి ఇదే కాలేజీ గ్రౌండులో కలుద్దాం. గేజీ ఉన్న పంపు ఉంటే తీసుకురా, లేకపోతే నాది ఉంది. ఒక పుస్తకం, పెన్సిలు మాత్రం నీవే తెచ్చుకో. ఆ పగిలిపోయిన రెండో గొట్టం పారేశావా? ఉందా? అయితే దాన్ని బాగా తడిపి, కాగితంలో చుట్టి పట్టుకురా. అంచు చూద్దాం, చిరిగిందో కాలిందో.